పైకి తేలిన మందు

ముప్ఫై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో నా చేతి మీదుగా ఒక్క గాలి బుడగ కూడా ఎవరి నరంలోకీ వెళ్ళలేదని చెప్పుకునేదాన్ని. చెప్పుకోవడం కాదు, డప్పు కొట్టుకునేదాన్ని. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు నేను నేర్పేది అదే. సిరంజిని సూది పైకుండేట్టు పట్టుకో, గోటితో రెండు దెబ్బలు కొట్టు, తేలిన గాలిని బయటికి తోసెయ్, సూది మొన మీద చుక్క కనిపించాకే మనిషి దగ్గరికి వెళ్ళు. మరచిపోయిన పిల్లకు నా నోటి దురుసు ఎలాంటిదో తెలిసొచ్చేది. "ఆ బుడగ గుండెలోకి పోతే నువ్వొచ్చి ఊదుతావా?" అని పేషెంటు ముందే అడిగేదాన్ని. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇవాళ గుంటూరులో చాలా ఆసుపత్రుల్లో ఉన్నారు. అందరూ గోటితో కొట్టేవాళ్ళే.

నా పేరు కనకలక్ష్మి. నల్లపాడు వెళ్ళే దారిలో ఉన్న ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో స్కానింగ్ విభాగానికి హెడ్ నర్సుని. మా నాన్న పెదకాకానిలో బడిపంతులుగా చేశాడు. తప్పు చేసిన పిల్లాడి కంటే తప్పు దాచిన పిల్లాడికి రెండు దెబ్బలు ఎక్కువ వేసేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఉండి ఉంటే ఇదంతా ఆయన ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు ఉండేది కాదు.

పోయిన డిసెంబరులో మా ఆసుపత్రికి హైదరాబాదు నుంచి ఒక పరిశోధన వచ్చింది. దానితోపాటు మనోజ్ఞ వచ్చింది. ముప్ఫై నిండని పిల్ల, నరసరావుపేట అమ్మాయి. డాక్టరేట్ చేసి, ఒక పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. రొమ్ములో గడ్డలున్నవాళ్ళకు స్కాన్ తీసేటప్పుడు నరంలోకి ఎక్కించే మందును ఐస్ బాక్సులో పెట్టుకుని తెచ్చింది. అదేం మందని అడిగాను.

"బుడగలు మేడమ్" అంది.

నేను మొహం చిట్లించాను. ఆ పిల్ల నవ్వింది.

"మీరనుకునే బుడగలు కావు. ఇవి రక్తంలో ఎర్రకణం కంటే చిన్నవి. చుట్టూ పల్చటి కొవ్వు పొర, లోపల తొందరగా కరగని గ్యాసు. చెవికి వినపడని స్కాన్ శబ్దం తగిలితే అదురుతాయి, తెర మీద తెల్లగా మెరుస్తాయి. గుండెకేం కాదు. కాసేపటికి ఆ గ్యాసు ఊపిరిలో బయటికి పోతుంది."

"మెరిస్తే ఏం తెలుస్తుంది?"

"వీటి ఒంటి నిండా కొక్కేలున్నాయి మేడమ్. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే కొత్త రక్తనాళాలు వేసుకోవాలి. ఆ కొత్త నాళాల గోడల మీద ఒక రకం ప్రొటీను ఎక్కువగా ఉంటుంది. మా కొక్కేలు దాన్నే పట్టుకుంటాయి. పొలం గట్టు మీద నడిస్తే ఉత్తరేణి గింజలు చీర కుచ్చిళ్ళకు అంటుకుంటాయి చూడండి, అట్లా. పది నిమిషాలు ఆగితే ఊరికే తిరిగేవి పోతాయి. అంటుకున్నవి మిగుల్తాయి. తెల్లగా మిగిలిన చోటును అనుమానించాలి."

తర్వాత ఆ మందు వాడే పద్ధతి చెప్పింది. సీసాను ఊపితే పాలలా తెల్లగా అవుతుంది. ఎక్కించే ముందు మాత్రమే సిరంజిలోకి తీయాలి. తీసింది మొదలు అరచేతుల మధ్య తిప్పుతూనే ఉండాలి. నిలబెట్టకూడదు, గోటితో కొట్టకూడదు, పైనున్నది తోసెయ్యకూడదు. ఇదే మాట మూడుసార్లు చెప్పి, కాగితం మీద సంతకం పెట్టమంది. పెట్టాను. వినలేదా అంటే విన్నాను. విని, లోపల నవ్వుకున్నాను. నిన్నటి దాకా ఎలుకలకు సూదులు వేసిన పిల్ల నాకు సిరంజి పట్టుకోవడం నేర్పుతోందని అనుకున్నాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే అని మా నర్సు పిల్లలతో కూడా అన్నాను. వాళ్ళు కిసుక్కున నవ్వారు.

మొదటి పదిమందికి మనోజ్ఞే మందు తీసి ఎక్కించింది. జనవరిలో ఆ పని నాకు అప్పగించి, తను స్కాన్ బొమ్మల లెక్క చూసుకోవడంలో పడింది. నా చేతికి వచ్చిన మొదటి పేషెంటు సుబ్బరావమ్మ.

సత్తెనపల్లి అవతలి పల్లె ఆమెది. నలభై ఎనిమిదేళ్ళు. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, అంతా మిరపే. కుడి రొమ్ములో చేతికి తగిలే గడ్డ ఒకటి ఉందని వచ్చింది. స్కాన్ తీస్తే, చేతికి తగలకుండా లోపల ఇంకోటి కనిపించింది. ఎనిమిది మిల్లీమీటర్లు, శనగ గింజంత. మా విభాగం పెద్ద డాక్టరు జానకిరామయ్యగారు ఆమెను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు.

"రెండిట్లో దేనికి బుడగలు అంటుకుంటే దాన్లోంచి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుతామమ్మా. దేనికీ అంటుకోకపోతే, చేతికి తగిలే పెద్ద గడ్డలోంచే తీస్తాం. చిన్నదాన్ని ఊరికే కెలకడం ఎందుకు, ఆరునెలల తర్వాత మళ్ళీ చూద్దాం."

ఆమె తలూపింది. డాక్టరుగారు వెళ్ళాక నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"నర్సమ్మగారూ, నరంలోకి గాలి ఎక్కిస్తారంటగా. మా మావ గ్లూకోజు సీసాలో గాలెక్కే పోయాడని మా అత్త ఇప్పటికీ అంటది. నాకేం కాదుగా?"

"నేనుండగా నీలోకి గాలి పోదులే" అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. ఆమె భయం నాకు అర్థమైంది. అది నా భయం కూడా. నర్సింగ్ చదివే రోజుల్లో సెలైన్ గొట్టంలో వేలెడంత గాలి వదిలేసినందుకు మా హెడ్ సిస్టర్ వార్డు మధ్యలో నా చెంప పగలగొట్టింది. అప్పటి నుంచి బుడగ కనిపిస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రోజు ఓపీలో జనం ఎక్కువగా ఉన్నారు. డాక్టరుగారు వచ్చేసరికి ఆలస్యమవుతుందని తెలుసు. ఆయన అడిగేసరికి అన్నీ సిద్ధంగా ఉండటం నా పద్ధతి. అరగంట ముందే మందు సిరంజిలోకి తీసి, సూది పైకుండేట్టు స్టాండులో నిలబెట్టాను. పిలుపు వచ్చాక గుడ్డ తెర వెనకాల తీసి చూస్తే, పైన తెల్లగా మందపాటి పొర కట్టింది. కింద దాదాపు నీళ్ళలా తేటగా ఉంది. మా ఊళ్ళో విత్తనం వడ్లను ఉప్పునీళ్ళలో పోస్తారు. మునిగింది గింజ, తేలింది తాలు. పైకి తేలినదాన్ని పారెయ్యాలని నాకు నర్సింగ్ స్కూలు కంటే ముందే తెలుసు. గోటితో రెండు దెబ్బలు కొట్టాను. ఆ తెల్లటి నురగంతా ట్రేలోకి తోసేశాను. తేట మిగిలింది. హమ్మయ్య అనుకున్నాను. అలవాటు కొద్దీ చేయి చేసిందని అనను. మనోజ్ఞ చెప్పింది గుర్తుండే చేశాను. సుబ్బరావమ్మను ఆ పిల్ల ప్రయోగం నుంచి నేను కాపాడుతున్నాననుకుని చేశాను.

తెర మీద మసకమసకగా ఏదో కదిలి పోయింది. పది నిమిషాల తర్వాత చూస్తే రెండు గడ్డలూ నల్లగానే ఉన్నాయి. "దేనికీ అంటుకోలేదు" అన్నారు డాక్టరుగారు. నియమం ప్రకారం పెద్ద గడ్డలోంచి ముక్క తీశారు. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు, కొవ్వు గడ్డ. సుబ్బరావమ్మ వరండాలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వారం తర్వాత సత్తెనపల్లి బస్సు కండక్టరు చేత ఒక డబ్బా పండుమిరపకాయ పచ్చడి పంపింది. వేడన్నంలో నెయ్యేసుకుని రోజూ తిన్నాను.

ఆమె తర్వాత ఇంకో నలుగురికి నేనే అలాగే ఎక్కించాను. ఆ నలుగురి బొమ్మలూ మసకే. జానకిరామయ్యగారు విసుక్కోవడం మొదలుపెట్టారు. మొదటి పదిమందిలో బ్రహ్మాండంగా కనిపించిన మందు ఉన్నట్టుండి ఎందుకు చచ్చుబడిందని మనోజ్ఞను నిలదీశారు. హైదరాబాదు నుంచి వచ్చే దారిలో వేడి తగిలిందా, తయారీలోనే తేడా ఉందా అని ఆ పిల్ల రోజూ ఫోనులో ఎవరెవరితోనో మాట్లాడేది. తిండి సరిగ్గా తినేది కాదు. నేనే ఒకసారి టిఫిను బాక్సులో పెరుగన్నం పెట్టిచ్చాను.

ఫిబ్రవరి నెలాఖరులో ఒక మధ్యాహ్నం మందులు సిద్ధం చేసే గదిలో ఇద్దరం ఉన్నాం. మనోజ్ఞ ఒక సీసాను ఊపి బల్ల మీద పెట్టి, ఫోను రావడంతో మాటల్లో పడింది. నేను దూది ఉండలు చుడుతూ కూర్చున్నాను. ఫోను పెట్టేసరికి అరగంటయింది. సీసా పైభాగంలో తెల్లటి పొర కట్టింది, కింద తేట.

"చూడండి మేడమ్, పాల మీద మీగడ కట్టినట్టు బుడగలన్నీ పైకొచ్చేశాయి" అంది, సీసా చేతిలోకి తీసుకుంటూ. "కింద మిగిలింది ఉత్త ఉప్పునీళ్ళు. అందుకే తిప్పుతూ ఉండమని అంతగా చెప్పేది." అరచేతుల మధ్య నాలుగుసార్లు తిప్పింది. సీసా అంతా మళ్ళీ పాలలా అయిపోయింది.

నేను పారేసింది మందు. ఎక్కించింది ఉప్పునీళ్ళు. ఆ పిల్ల మూడుసార్లు చెప్పిన మాటకు అర్థం రెండు నెలల తర్వాత నా బుర్రకెక్కింది. మనసులోనే ఆ అయిదుగురినీ తలుచుకున్నాను. నలుగురికి గడ్డ ఒక్కటే. బుడగలు అంటుకున్నా అంటుకోకపోయినా సూది దాన్లోకే వెళ్ళేది, వాళ్ళకు నష్టం లేదు. సుబ్బరావమ్మకు రెండు.

చెప్పాల్సింది అప్పుడే. ఆ పిల్ల నా ఎదురుగానే ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. "మనోజ్ఞా" అని పిలిచాను కూడా. "ఏంటి మేడమ్?" అంది. "కాఫీ తాగుతావా?" అన్నాను.

ఎందుకు చెప్పలేదో ఎన్నిసార్లు ఆలోచించినా ఒకటే జవాబు. సిగ్గేసింది. తాతకు దగ్గులు నేర్పుతోందని ఎవరి దగ్గర వెక్కిరించానో ఆ పిల్లలందరి ముందూ తలెత్తుకోలేననిపించింది. ఆరునెలల తర్వాత ఎలాగూ చూస్తారుగా అని సుబ్బరావమ్మ విషయంలో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంత చిన్నది క్యాన్సరే అయ్యుండాలని ఎక్కడుంది అనుకున్నాను. ఆ ఆరునెలల్లో ఏమైనా జరగొచ్చని నాకు తెలియదా అంటే, ఆ ఆసుపత్రిలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు తక్కువ.

మర్నాటి నుంచి మందును సరిగ్గా వాడాను. చివరి క్షణంలో తీసి, తిప్పుతూ తీసుకెళ్ళి, గోరు తగలనివ్వకుండా ఎక్కించాను. ఆరో పేషెంటుకు తెర తెల్లగా వెలిగింది. ఏడో పేషెంటుకూ వెలిగింది. సరిగ్గా ఆ వారమే కొత్త సరుకు రావడంతో, పాత సరుకు చెడిపోయిందని అందరూ తేల్చేశారు. ఎలాగూ ముక్క తీసి పరీక్ష చేశారు కదా అని, ఆ అయిదుగురినీ మళ్ళీ పిలవాలని ఎవరికీ తట్టలేదు. నేను తప్పు దిద్దుకోవడమే మనోజ్ఞ మీద సాక్ష్యమై కూర్చుంది. ఇంత తెలివిగా దాచాలని నేను అనుకోలేదు, అయినా దాచినట్టే అయింది.

మార్చి మధ్యలో విచారణ పెట్టారు. జానకిరామయ్యగారు, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అధికారి, మనోజ్ఞ, నేను. మనోజ్ఞ ముందు కాగితాల దొంతర ఉంది. ఐస్ బాక్సులో ఏ గంటకు ఎంత చల్లదనం ఉందో రాసుకున్న కాగితాలవి.

"బాక్సు ఒళ్ళో పెట్టుకునే తెచ్చాను సార్. దారిలో ఎక్కడా మూత తీయలేదు" అంది.

"మరి బుడగలు ఏమైనట్టు?" అన్నాడు అధికారి.

ఆమె కాగితాలు మళ్ళీ తిరగేసింది. జానకిరామయ్యగారు నా వైపు తిరిగారు.

"కనకలక్ష్మిగారూ, అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఎక్కించే దగ్గర ఏమైనా తేడా జరిగే అవకాశం ఉందా? మీ చేతి మీద నాకైతే అనుమానం లేదనుకోండి."

"లేదండి" అన్నాను.

ఒక్క మాట. ఇంటికి వెళ్ళి అన్నం పెట్టుకుని పచ్చడి డబ్బా మూత తీశాను. ఆ ఎరుపు చూశాను. మూత పెట్టేసి మజ్జిగ తాగి పడుకున్నాను.

నెలాఖరుతో మనోజ్ఞ కాంట్రాక్టు ముగిసిపోతుందని, పొడిగించరని తెలిసింది. నేను ఇంకా నోరు విప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నెలంతా గడిపేశాను. చివరి రోజున ఆమె సంచి భుజానికి తగిలించుకుని నా గదికి వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"అందరూ ఏదో ఒకటి అన్నారు మేడమ్. మీరొక్కరే ఒక్క మాట అనలేదు. అన్నం కూడా పెట్టారు. మరచిపోను" అని నా కాళ్ళకు దణ్ణం పెట్టడానికి వంగింది.

నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. తేలు కుట్టిన దొంగకు అరవడానికి ఉండదంటారు. నాకు మాత్రం ఇక అరవకుండా ఉండటం చేతకాలేదు.

"ఆగమ్మా. నీ బుడగలు చెడిపోలేదు. నేను పారేశాను" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ఖాళీ సిరంజి తీసి, ఎలా నిలబెట్టానో, ఎలా కొట్టానో, ఎలా తోసేశానో చేసి చూపించాను. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"మీటింగు రోజుకి మీకు తెలుసా?"

"తెలుసు. అంతకు రెండు వారాల ముందే తెలుసు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నా చేతిలోని సిరంజిని చూసి, ఉలిక్కిపడినట్టు తలెత్తింది.

"సుబ్బరావమ్మగారికి రెండు గడ్డలు కదా మేడమ్" అంది.

తన ఉద్యోగం పోతున్న రోజున ఆ పిల్లకు ముందుగా గుర్తొచ్చింది పేషెంటు. నాకు నెల రోజులుగా గుర్తొస్తున్నది నా పరువు. ఆమె మొహం చూడలేక పక్కకు తిరిగాను.

ఇద్దరం వెళ్ళి జానకిరామయ్యగారికి చెప్పాం. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "హైదరాబాదుకు నేను రాస్తాను. మనోజ్ఞా, నువ్వు ఎక్కడికీ వెళ్ళకు" అన్నారు. తర్వాత నాతో, "ముందు ఆమెను తీసుకురండి. మీ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన దగ్గర పనిచేసిన అన్నేళ్ళలో నన్ను పేరు పెట్టకుండా మాట్లాడింది అదే మొదటిసారి.

మర్నాడు ఆసుపత్రి కారులో బయలుదేరాను. ఏప్రిల్ మొదటి రోజులు, పది గంటలకే ఎండ మాడుస్తోంది. ఊరి బయట కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. దిగీ దిగగానే ఘాటుకు దగ్గు వచ్చింది. మొహానికి తువ్వాలు చుట్టుకున్న నలుగురైదుగురు ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. అందులో ఒకామె లేచి తువ్వాలు లాగేసింది. సుబ్బరావమ్మ.

"ఓయమ్మ, నర్సమ్మగారు మా కల్లానికొచ్చారు" అంటూ పరుగులాంటి నడకతో వచ్చింది. "పచ్చడి బాగుందా? ఈ ఏడు కాయ మంచి రంగొచ్చింది. ఇంకో డబ్బా కలిపి పెట్టా మీకోసమే."

దారి పొడవునా మాటలు కూడబలుక్కుంటూనే వచ్చాను. నావల్ల తప్పు జరిగింది, నన్ను క్షమించు, వెంటనే బయలుదేరు. ఇంతే, మూడు ముక్కలు. ఆమె మొహంలో ఆ సంతోషం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"డాక్టరుగారు ఇంకోసారి స్కాన్ తీస్తామన్నారు. రేపు రావాలి" అన్నాను.

ఆమె భర్త బాపయ్య గోతాం కుడుతున్నవాడల్లా ఆపి, "ఏమన్నా తేడా వచ్చిందా అమ్మా?" అన్నాడు.

"అదేం లేదు. మామూలుగానే."

"మామూలుగా అయితే ఇంకో నాలుగు రోజులు ఆగరాదా? కూలోళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఇది దగ్గర లేకపోతే పని సాగదు."

"రేపే రావాలి" అన్నాను.

సుబ్బరావమ్మ అతన్ని కసిరింది. "ఊరుకోవయ్యా. పెద్దావిడ ఇంత ఎండన పడి వచ్చింది. మన మీద ఎంత ఆపేక్ష లేకపోతే వస్తది? పొద్దున్నే బస్సుకొస్తానమ్మా. మీరు ముందు ఆ నీడకు రండి."

నీడలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తాగాను. కారెక్కాక ఏడుపు వచ్చింది. డ్రైవరు సలీం అద్దంలోంచి చూసి, "మిర్చి ఘాటు మేడమ్, కళ్ళు నీళ్ళతో కడుక్కోండి" అన్నాడు. అలాగేనన్నాను.

మర్నాడు తొమ్మిదింటికల్లా ఆమె వచ్చేసింది. తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది. బాపయ్య బయట బల్ల మీద కూర్చున్నాడు. ఈసారి సిరంజి మనోజ్ఞ చేతిలో ఉంది. జానకిరామయ్యగారు స్కాన్ యంత్రం ముందు కూర్చున్నారు. నాకు పనేమీ అప్పగించలేదు. తలవైపు నిలబడ్డాను. పడుకోగానే సుబ్బరావమ్మ ఎడమ చేయి చాపి నా చేయి పట్టుకుంది. కారం పనిచేసే చేయి, వేళ్ళ చివర్లు మండి పగిలి ఉన్నాయి.

మనోజ్ఞ మందు ఎక్కించింది. ఒక నిమిషంలో తెర అంతా తెల్లబడింది. జనవరిలో నేను కనిపించనివ్వనిది ఇదేనని అప్పుడు చూశాను. తర్వాత మెల్లగా తెలుపు తగ్గుతూ వచ్చింది. పది నిమిషాలు ఆగాలి.

ఆ పది నిమిషాలూ నేను వెలగకూడదని మొక్కుకున్నాను. పెదకాకాని శివయ్యకు నూటొక్క బిందెల నీళ్ళు పోయిస్తానని మొక్కుకున్నాను. ఆమె ప్రాణం కోసం మొక్కుకున్నానని చెప్పగలిగితే ఎంత బాగుండేది. కాదు. ఆ చిన్న గడ్డ నల్లగానే ఉంటే నేను చేసిన దానివల్ల ఎవరికీ ఏమీ కానట్టే. నా తప్పు కాస్తా పొరపాటుగా మిగులుతుంది, కొన్నాళ్ళకు అందరూ మరచిపోతారు. నేను మొక్కుకుంది దాని కోసం. ఆమె చేయి పట్టుకుని నిలబడి నా కోసం మొక్కుకున్నాను. ఇన్ని చెప్పాక కూడా ఈ ఒక్కటి చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

తెర నల్లబడింది. పెద్ద గడ్డ నల్లగా ఉంది. దాని వెనక, లోపల, ఒక్క చోట తెల్లటి మచ్చ పోకుండా నిలబడి ఉంది.

డాక్టరుగారు ఒక మీట నొక్కారు. గట్టి శబ్దం తగిలి బుడగలన్నీ పగిలాయి, మచ్చ మాయమైంది. అంటే అక్కడ ఉన్నవి బుడగలే. ఆయన మనోజ్ఞ వైపు చూసి తలూపారు. కొలత తీశారు. పదమూడు మిల్లీమీటర్లు.

సుబ్బరావమ్మ మెడ తిప్పి తెర చూస్తోంది.

"ఆ తెల్లగా వెలిగిందేందమ్మా? పోయినసారి అంతా నల్లగానే ఉంది. మెరిస్తే మంచిదేగా?"

జానకిరామయ్యగారు నా వైపు చూశారు. మనోజ్ఞ కూడా చూసింది. చెప్పాల్సింది నేనని ఇద్దరికీ తెలుసు.

"మంచిది కాదు సుబ్బరావమ్మా" అన్నాను. "అది క్యాన్సర్ అయ్యుండొచ్చు. ముక్క తీసి చూడాలి. పోయినసారి కూడా అది వెలగాల్సింది. వెలగనివ్వంది నేను. నీకు ఎక్కించాల్సిన మందు నేను ట్రేలో పారేశాను. బుడగలు లోపలికి పోతే నీకేమన్నా అవుతుందేమోనని పారేశాను. పారెయ్యొద్దని ఈ అమ్మాయి ముందే చెప్పింది. నేను వినలేదు."

ఆమె తెర మీంచి చూపు నా మీదికి తిప్పింది.

"తప్పని తర్వాత తెలిసింది. తెలిసి నెల దాటింది. ఎవరికీ చెప్పలేదు. నిన్న మీ కల్లంలో కూడా చెప్పలేదు."

"పోయినసారి అదెంతుంది?"

"ఎనిమిది మిల్లీమీటర్లు."

"ఇప్పుడు?"

"పదమూడు."

"నాకా లెక్కలు తెలవవు. చూపించు."

రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి అప్పటిది చూపించాను. వేళ్ళు కొంచెం ఎడం చేసి ఇప్పటిది చూపించాను. ఆ ఎడాన్ని ఆమె చాలాసేపు చూసింది.

"తెలవక పారేశావు. సరే. దానికి నేనేం అనను" అంది. "తెలిసి చెప్పకుండా ఉన్న ఆ నెల్లో ఎంత పెరిగిందో చెప్పు."

"అది నాకు తెలియదు" అన్నాను. అది మాత్రం నిజం.

ఆమె నా చేతిలోంచి తన చేయి తీసేసుకుంది. కోపంగా లాక్కోలేదు, మెల్లగా తీసుకుంది. దుప్పటి గుండెల మీదికి లాక్కుని మనోజ్ఞ వైపు తిరిగింది.

"ఇప్పుడేం చెయ్యాలో నువ్వు చెప్పమ్మా" అంది.